ఐవర్ ఎక్కడికి రావాలి

స్కార్వేయ దీవి,
సెప్టెంబరు, 1966

వదినకు,

నీ పార్సిల్ చేరింది. కాఫీ పొట్లం దారిలోనే చిరిగి స్వెట్టరు నిండా పొడి ఒలికిపోయింది. ఎంత దులిపినా పోలేదు. అలాగే వేసుకుని ఓలుఫ్ కొట్టుకి వెళ్తే, "ఏం టీచరమ్మా, కాఫీ తాగడం మానేసి ఒంటికి పూసుకుంటున్నావా?" అన్నాడు. నవ్వాడు కూడా. నవ్వినవాడల్లా చటుక్కున ముఖం ముడుచుకుని ఉప్పు తూచడంలో పడిపోయాడు. ఈమధ్య ఈ దీవిలో అందరూ నాతో ఇలాగే ఉంటున్నారు. నవ్వితే తప్పు చేసినట్టు చూస్తున్నారు. ఎందుకో చెప్తాను.

జిల్లా కార్యాలయం నుంచి ఒకాయన వచ్చి బడిలో మీటింగు పెట్టాడు. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే అందరూ బుద్ధిగా విన్నారు. దీవి ఖాళీ చేసి ఒడ్డుకి వెళ్తే కొత్త ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం సాయం చేస్తుందట. కానీ వెళ్తే అందరూ వెళ్లాలి. ఒక్క ఇంటి పొగగొట్టంలోంచి పొగ వచ్చినా ఎవరికీ ఏమీ రాదు. వదిలేసిన ఇంట్లో మళ్లీ ఎవరూ కాపురం పెట్టకూడదు. ఆయన కలం తీసి బల్ల మీద పెట్టాడు. ఓలుఫ్ ముందు లేచాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. నేను లేవలేదు.

నన్ను తిట్టే ముందు కాస్త ఆలోచించు. పదో పుస్తకం మొదలుపెట్టాను. పబ్లిషరు వసంతం లోపల కావాలంటున్నాడు, వచ్చే ఏడు క్రిస్మస్‌కి అంగళ్లలో ఉండాలట. నేను ఎలా రాస్తానో నీకు తెలుసు. నువ్వూ ఆ ఎర కొట్టంలో కూర్చుని గాలాలకి హెర్రింగ్ చేప ముక్కలు గుచ్చినదానివేగా. బడి అయ్యాక పిల్లలు అక్కడికి చేరతారు, పొయ్యి పక్కన తొట్ల ముందు నిలబడి గాలం తర్వాత గాలానికి ఎర గుచ్చుతుంటారు. నేను మధ్యలో కూర్చుని కథ చెప్తాను. వాళ్ల ముఖాలు చూడను, ముఖాలు మర్యాదకి అబద్ధం చెప్తాయి. చేతులు చూస్తాను. చేతులు ఆగాయా, ఆ ముక్క రాసుకుంటాను. ఆడుతూనే ఉన్నాయా, ఇంటికొచ్చి పొయ్యిలో పడేస్తాను. అన్నయ్య పోయిన ఏడు నుంచి తొమ్మిది పుస్తకాలూ ఇలాగే రాశాను. పిల్లలు తలో ఊరికీ పోతే నాకు ఏది కథో ఏది కాదో ఎవరు చెప్తారు?

ఓలుఫ్ కూతురు మారెన్ నీ గురించి అడిగింది. బాగున్న చెవి నా వైపు పెట్టి, నా మోకాలికి ఆనుకుని నిలబడుతుంది ఇప్పటికీ.

పెట్రాకి మేనత్త ముద్దులు.

హెర్దిస్


మూషేన్ పట్నం,
అక్టోబరు

హెర్దిస్,

నేను తిట్టే ముందు ఆలోచించమన్నావు. ఆలోచించాను. ఇప్పుడు తిడుతున్నాను.

నీ ఒక్కదాని సంతకం కోసం దీవి దీవంతా మూటలు కట్టుకుని కూర్చుంది. ఓలుఫ్ పెళ్లాం నాకు రాసింది. నీ మీద చాడీలు చెప్పలేదు పాపం, "టీచరుగారికి నువ్వు చెప్తే వింటుందేమో" అని అడిగింది, అంతే. అది నాకు ఇంకా సిగ్గనిపించింది. మారెన్ రెండో చెవి ఎందుకు పోయిందో నువ్వు మర్చిపోయావా? పోయిన చలికాలం ఆ పిల్ల చీము కారే చెవి పట్టుకుని ఏడుస్తుంటే తుఫానులో డాక్టరు పడవ రాలేదు. నీ మోకాలికి ఆనుకుని నిలబడుతోందని ముచ్చటగా రాశావే, ఎందుకు ఆనుకుంటోందో కూడా రాయవలసింది.

సరే, తిట్టడం అయింది. ఇక్కడి కబుర్లు చెప్తాను. ఫ్యాక్టరీ క్యాంటీన్లో నన్ను పెద్ద వంటమనిషిని చేశారు. అంటే జీతం అదే, గరిట పెద్దది. కొళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి, నేను ఇంకా అలవాటు పడలేదు, ఊరికే చేతులు కడుక్కుంటూ ఉంటాను. పెట్రా ఏడో నెల వచ్చేదాకా ఉద్యోగం మాననంటోంది. అవును, సరిగ్గానే చదివావు, ఇంకా చాలా దూరం ఉంది, వేసవికి గానీ కాదు. నీకు ముందు చెప్పొద్దంది, నా నోరు ఆగితేగా.

నిన్న పొద్దున్న బస్సులో ఏం జరిగిందో విను. ఒక బుడ్డోడు, ఏడేళ్లుంటాయేమో, బడికని బస్సెక్కి రెండు వీధులు దాటగానే గొల్లుమన్నాడు. చేతి తొడుగు ఒకటి ఇంట్లో మర్చిపోయాడట. "ఒక చెయ్యి చచ్చిపోతుంది!" అని ఒకటే ఏడుపు. డ్రైవరు లావుపాటాయన, పేరు తెలీదు కానీ మీసం చూస్తే చీపురే. బస్సు వెనక్కి తిప్పాడు. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతోందని మేమంతా గోల. ఆయన ఆ పిల్లాడి గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు. తల్లి జుట్టుకి పిన్నులు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి ఇల్లంతా వెతికింది. లేదు. చివరికి వెనక సీటులో ముసలమ్మ వాడి చెయ్యి పట్టుకుని చూస్తే, రెండు తొడుగులూ ఒకదాని మీద ఒకటి ఒకే చేతికి వేసుకున్నాడు! డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఆ చెయ్యి బాగా బతికుందా ఇప్పుడు?" అన్నాడు. మధ్యాహ్నం దాకా నాకు నవ్వు ఆగలేదు.

సంతకం పెట్టు. నా దగ్గరికి వచ్చెయ్. చిన్న గది ఉంది, కిటికీ ఫ్యాక్టరీ వైపు ఉంటుంది, ఏం చేస్తాం.

రాగ్నా


స్కార్వేయ,
నవంబరు

వదినకు,

పెట్రా సంగతి తెలిసి సంతోషంగా ఉంది. దాన్ని నేనే బడిలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాను, దానికప్పుడే పిల్లా?

మిగతా విషయానికి వస్తే, నువ్వు నాకు హితబోధ చెయ్యొద్దు. నువ్వు వెళ్లిపోయావు, మేం ఉన్నాం. అన్నయ్య పోయిన ఏడాది తిరక్కుండా పెట్రా చెయ్యి పట్టుకుని పడవెక్కావు. నేనేమీ అనలేదు. ఇప్పుడు నువ్వు కాపురం చేసిన ఈ ఇంట్లోనే, నువ్వు వెలిగించిన దీపమే వంటింటి కిటికీలో రోజూ వెలిగిస్తున్నాను. పగలు మరీ చిన్నదైపోయింది, భోజనం వేళకే వెలిగించాలి. ఆ దీపాన్ని దేశంలో చదువొచ్చిన పిల్లలంతా ఎరుగుదురు. నా పుస్తకాల్లోని ఐవర్ తన 'బాతు' పడవలో ఎంత దూరం పోయినా, ఏ తిమింగలంతో పేచీ పెట్టుకున్నా, చివరి అధ్యాయంలో ఆ దీపం చూసుకుని ఇంటికి వచ్చేస్తాడు. పిల్లలు నాకు రాస్తారు: స్కార్వేయ నిజంగా ఉందా? ఆ కిటికీ నిజంగా ఉందా? ఉంది, వచ్చి చూసుకోండి అని రాస్తాను. ఇంక మీదట ఏం రాయమంటావు?

ఈ పుస్తకాలే దీవిని కాపాడతాయని నేను నమ్మాను. ఇంత పేరున్న దీవిని ఎవరు ఖాళీ చేస్తారనుకున్నాను. నవ్వుకో. జిల్లా కార్యాలయం ఆయన కూడా తన కూతురి కోసం నాతో పుస్తకం మీద సంతకం పెట్టించుకుని, వెంటనే ఈ కాగితం కూడా ముందుకి తోశాడు.

మారెన్ చెవి గురించి నువ్వు రాసింది చదివి ఆ రోజంతా తిండి సహించలేదు. అయినా ఒక మాట అడుగుతాను. తొమ్మిది పుస్తకాలు రాశాను వదినా. ప్రతిదీ ముందు నీకే పంపాను. ఏనాడైనా బాగుందనో చెత్తగా ఉందనో ఒక్క మాట అన్నావా? పార్సిల్ చేరింది, థ్యాంక్స్, వాతావరణం బాగాలేదు. అంతే. ఎక్కడో దక్షిణాన ఉన్న ముక్కూ మొహం తెలీని పిల్లలు నాకు అయినవాళ్లయ్యారు. నువ్వు కాలేదు.

హెర్దిస్


మూషేన్,
డిసెంబరు

హెర్దిస్,

అడిగావు కనుక చెప్తున్నాను. ఇన్నేళ్లూ చెప్పకూడదనే అనుకున్నాను.

మీ అన్నయ్య ఐవిండ్ సముద్రంలో పోయాక శవం దొరకలేదు. నాకు సమాధి లేదు. దీవిలో రోజంతా సముద్రం వైపు చూస్తూ బతకలేక ఇక్కడికి వచ్చాను. ఆ క్రిస్మస్‌కే నీ మొదటి పుస్తకం వచ్చింది. పెట్రాకి పదేళ్లు. నేలమీద బోర్లా పడుకుని ఒక్క బిగిని చదివేసింది. లేచి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నాన్న కాస్త ఆలస్యంగా వస్తాడంతే" అంది. అది ఐవర్ అని అనలేదు. నాన్న అంది. ఆయన నడక, ఆయన ముక్కుపొడుం, పడవ దిగేటప్పుడు ముందు టోపీ ఒడ్డుకి విసరడం, అన్నీ నువ్వు ఐవర్‌కి పెట్టావు. పిల్ల గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది?

ఆ పూట పండగ పాలజావలో వేసే ఒకే ఒక్క బాదంపప్పు దానికే వచ్చింది. దొరికినవాళ్లకిచ్చే బహుమతి తీసుకోవే అంటే తీసుకోలేదు. నోట్లోంచి తీసి, కడిగి, ఖాళీ పళ్లెం ఒకటి పెట్టి అందులో వేసింది. నాన్నకట. అప్పటినుంచి ఏ క్రిస్మస్‌కైనా అంతే. బాదంపప్పు ఎవరికొచ్చినా ఆ పళ్లెంలోకే పోవాలి. తర్వాత కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఫ్యాక్టరీ గోడ కనిపించే కిటికీ దగ్గర, హెర్దిస్! పడవ ఎటునుంచి వస్తుందక్కడ?

ఊరి చర్చి తోటలో ఒక రాయి పెడదామన్నాను, పేరు చెక్కించి. "రాయి పెడితే ఎలా వస్తాడు? అత్త వస్తాడని రాసింది కదా" అని జ్వరం తెచ్చుకుంది. రాయి పెట్టలేదు. నన్ను ఒకాయన పెళ్లికి అడిగాడు. ఆ సంగతి నీకు రాయలేదు. మంచివాడు, క్యాంటీన్‌కి కూరగాయలు తెచ్చేవాడు. పెట్రా "మరి నాన్న వస్తే ఎక్కడ పడుకుంటాడు?" అని మాత్రం అడిగింది. ఆయనకి వద్దని చెప్పేశాను. ఒకటి మరిచిపోతున్నాం అనుకునేసరికి నీ పుస్తకం ఇంకొకటి వచ్చేది. వాడు మళ్లీ దీపం చూసుకుని ఇంటికి వచ్చేవాడు. తొమ్మిదిసార్లు వచ్చాడు. నా ఇంటికి ఒక్కసారీ రాలేదు.

బాగుందా అని అడుగుతున్నావు. బాగుంటుంది. నువ్వు రాస్తే బాగుండక ఏం?

ఇప్పుడు పెట్రాకి ఇరవై మూడు. దానికి తెలియక కాదు. కానీ పోయిన క్రిస్మస్‌కి కూడా పళ్లెం పెట్టింది. రేపు కడుపున పుట్టేవాడికీ ఇదే నేర్పుతుందా? నువ్వు మొదలుపెట్టావు, నువ్వే ముగించు. పదో పుస్తకంలో నిజం రాయి. వాడు మునిగిపోయాడని రాయి. ఈ ఒక్కటీ చెయ్యి, ఇంకేమీ అడగను. సంతకం సంగతి కూడా ఎత్తను.

రాగ్నా


స్కార్వేయ,
ఫిబ్రవరి, 1967

వదినా,

నీ ఉత్తరానికి జవాబు రాయాలని చాలాసార్లు కూర్చుని లేచాను. క్షమించమని రాస్తే నాకే ఎబ్బెట్టుగా ఉంది. నేను మీ కోసం రాస్తున్నాననుకున్నాను. అది అబద్ధం. అన్నయ్యని పోనివ్వడం నా వల్ల కాక రాసుకున్నాను, పోస్టులో నీకు పంపాను.

నువ్వు చెప్పినట్టే రాశాను. చివరి అధ్యాయం ఇందులో పెడుతున్నాను. తుఫాను వస్తుంది. వంటింటి కిటికీలో దీపం వెలుగుతూ ఉంటుంది. 'బాతు' తలకిందులై తేలుతుంది. మూడో రోజున ఐవర్ భార్య దీపం ఊదేసి, దాని అద్దం తుడిచి, అల్మరాలో పెట్టేస్తుంది. అంతే.

దాన్ని ఎర కొట్టంలో చెప్పాను. చెప్తూ చేతులు చూశాను. ఆడుతూనే ఉన్నాయి. హెర్రింగ్ ముక్క, గాలం, హెర్రింగ్ ముక్క, గాలం. ఒక్క చెయ్యి ఆగలేదు. అయిపోయాక మారెన్ తల ఎత్తకుండానే, "ఇది మాకు తెలుసు టీచర్. కథ చెప్పండి" అంది.

ఆ పిల్లల్లో సముద్రానికి పోగా ఎవరికి తాత మిగిలాడు, ఎవరికి బాబాయి మిగిలాడు చెప్పు? వాళ్లకి తెలిసిన సంగతే మళ్లీ చెప్పి ఏడిపించబోయాను.

కాగితాలు మడిచాను. జేబులో నీ పాత ఉత్తరం తగిలింది, ఆ బస్సూ తొడుగుల ఉత్తరం. కూర్చోబెట్టాను కనుక ఏదో ఒకటి అని తీసి చదివాను. వదినా, "ఒక చెయ్యి చచ్చిపోతుంది" దగ్గరే మొదటి చెయ్యి ఆగింది. బస్సు వెనక్కి తిరిగేసరికి కొట్టంలో పొయ్యి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కొళాయిలో వేడినీళ్లు మళ్లీ చదవమన్నారు. బస్సు ఎంత పొడుగుంటుంది, డ్రైవరు ఎవరి పిల్లలనైనా ఎక్కించుకుంటాడా, దీవి నుంచి వచ్చినవాళ్లనైనా ఎక్కించుకుంటాడా అని అడిగారు. మారెన్ చేతిలో ఎర కారి మోచేతి దాకా వచ్చింది, అది చూసుకోలేదు.

ఈ చేతుల కోసమే కదా వీళ్లని ఇక్కడ కట్టేసి ఉంచాను. పోనివ్వమని ఆ చేతులే చెప్పాయి.

మర్నాడు ఓలుఫ్ కొట్టుకి వెళ్లి సంతకం పెట్టేశాను. ఓలుఫ్ ఒక కాఫీ పొట్లం తీసి నా ముందు పెట్టి, "దీన్ని తాగు" అన్నాడు.

నువ్వు నాకంటే మంచి రచయిత్రివి. ఇది వెటకారం కాదు.

హెర్దిస్


మూషేన్,
ఏప్రిల్

హెర్దిస్,

నీ కవరు పెట్రా విప్పింది. నేను డ్యూటీలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి ఆ కాగితాలు బల్ల మీద దొంతి పెట్టి ఉన్నాయి. అది గిన్నెలు తోముతోంది. "అత్త రాసింది చదివాను" అంది. అంతే. నాకు గుండె తేలికపడింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

తర్వాత చూస్తే ఆ పళ్లెం చెత్తబుట్టలో ఉంది. రెండు ముక్కలు. విసిరి కొట్టలేదు, చేత్తో విరిచినట్టుంది. ఆ రోజు నుంచి అది మామూలుగానే ఉంది. తింటుంది, పనికి వెళ్తుంది, పిల్లాడికి బట్టలు అల్లుతుంది. నాతో మాత్రం మాట్లాడదు. ఏం అడిగినా ఊ, ఆ. నిన్న నేనే తెగించి అడిగాను. నా వైపు తిరిగి, "నాన్న చచ్చిపోయాడని నాకు తెలీదనుకున్నావా? ఒక్క చోటైనా బతికి ఉన్నాడులే అనుకున్నాను. అది కూడా నీకు కంటగింపైంది" అంది.

నా మీద ఎంత కోపం ఉన్నా పడతాను. కానీ హెర్దిస్, నేను కూడా ఆ అధ్యాయం చదివాను. ఆమె దీపం ఊదేసి అద్దం తుడవడం దగ్గర పుస్తకం మూసినట్టు కాగితాలు మూసేశాను. పదమూడేళ్లుగా రాని ఏడుపు వచ్చింది. అప్పటిదాకా నేనూ చివరి పేజీ ముందు చూసుకునేదాన్ని, వచ్చాడా లేదా అని. నీకెప్పుడూ చెప్పలేదు.

నీ చేత నేనే చంపించాను. ఆ అధ్యాయం అచ్చుకి ఇవ్వొద్దు. వాణ్ణి మళ్లీ తీసుకురా. నిన్న అలా, ఇవాళ ఇలా అంటున్నానని తిట్టుకో, ఫరవాలేదు. తీసుకురా.

రాగ్నా


స్కార్వేయ,
జులై

వదినా,

ఇది ఇక్కడినుంచి రాసే చివరి ఉత్తరం. ఓలుఫ్ తపాలా సంచి రేపటితో మూసేస్తాడు.

ఇళ్లు విప్పుతున్నారు. ప్రతి దుంగకీ సుద్దముక్కతో అంకె వేసి, పైనుంచి కిందికి ఒక్కొక్కటే దించుతున్నారు. ఒడ్డున ఎవరికి కావాలంటే వాళ్లు కొనుక్కుని తీసుకెళ్లి మళ్లీ పేర్చుకుంటారు. మన ఇంటి దుంగలు ఒకాయన కారు పెట్టుకునే కొట్టం కోసం కొన్నాడు. మంచి మనిషే, జాగ్రత్తగా విప్పించాడు. కిటికీలు అక్కర్లేదన్నాడు, కారుకి కిటికీలెందుకు? వంటింటి కిటికీ గడ్డిలో పడి ఉంది. అద్దంలో ఆకాశం కనిపిస్తుంటే గొర్రె ఒకటి వచ్చి దానిలోకి చూస్తూ నిలబడింది. నవ్వొచ్చింది, తర్వాత కూర్చుండిపోయాను.

పిల్లలకి మాత్రం పండగలా ఉంది. మారెన్‌వాళ్లు బూదోకి వెళ్తున్నారు, అక్కడ చెవి డాక్టరు ఉన్నాడు. బూదో బస్సులో ఎర వాసన వస్తే దింపేస్తారా అని నన్ను అడిగింది. సబ్బుతో కడుక్కుంటే దింపరని చెప్పాను. ఆ రోజు నుంచి కొట్టం వైపు రాలేదు. చేతులు వాసన చూసుకుంటూ తిరుగుతోంది.

నన్ను కూడా బూదోలోనే ఒక బడిలో వేశారు. నీ దగ్గరికి రానందుకు ఏమీ అనుకోకు. పెట్రా ముఖం చూసే ధైర్యం ఇప్పుడే లేదు. నువ్వు అడిగింది నాకు గుర్తుంది. పబ్లిషరుకి గడువు పెంచమని రాశాను. అక్కడికి వెళ్లాక ఐవర్‌ని తీసుకొస్తాను.

హెర్దిస్


మూషేన్,
అక్టోబరు

హెర్దిస్,

మగపిల్లాడు పుట్టి నాలుగు నెలలైనా నీకు రాయలేదు, తప్పే. పెట్రా పేరు పెట్టేదాకా ఆగమంది. ఐవిండ్ అని పెట్టింది. ముక్కు అచ్చంగా మీ అన్నయ్యదే, పాపం పిల్లాడు.

అది ఇప్పుడు నాతో కాస్త మాట్లాడుతోంది. మొన్న పాలిస్తూ, నా వైపు చూడకుండా, "ఈ ఏడు అత్త పుస్తకం వస్తుందా?" అంది. వస్తుందన్నాను. "అయితే చదివి వినిపించాలి వీడికి" అంది. కొత్త పళ్లెం కొని అల్మరాలో పెట్టింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఎంతవరకూ వచ్చింది? ఒక్క ముక్క రాయి చాలు. వచ్చాడు అని రాయి.

రాగ్నా


బూదో,
నవంబరు, 1967

వదినా,

పిల్లాడికి నా దీవెనలు. ముక్కు సంగతి పెద్దయ్యాక సర్దుకుంటుంది, అన్నయ్యది కూడా ముఖం పెరిగాకే కాస్త నయమైంది.

రాశాను వదినా. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ అదే పని. చివరి అధ్యాయం చింపేసి ఐవర్‌ని మళ్లీ పడవెక్కించాను. తుఫాను దాటించాను. ఈదురుగాలి తగ్గించాను. వాడు తెడ్డు వేస్తూ మెడ తిప్పి చూశాడు, దీపం ఎక్కడా అని. అక్కడ ఆగిపోయాను. పడవని ఏ వైపు తిప్పించాలి? కిటికీ లేదు. వంటిల్లు కారు కొట్టమైంది. దీవిలో వెలుగు కనిపిస్తే ఎవరో దొంగతనంగా కాపురం పెట్టారని అధికారులు వస్తారు. కథలో ఉన్నట్టు రాస్తే ఏం పోయిందంటావు. పోదు. మూడుసార్లు అలాగే రాశాను. మూడుసార్లూ వాడు నల్లటి బండరాళ్ల దగ్గరికి వచ్చి, ఎవరూ లేరని చూసి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇంక అందులో నుంచి ఒక్క వాక్యం కూడా నడవలేదు.

ఎలా ఉందో తెలుసుకుందామని మొన్న ఊరి లైబ్రరీలో పిల్లలకి చదివి వినిపించాను. చక్కని గది, వెచ్చగా ఉంది, పిల్లలు ఇస్త్రీ బట్టల్లో వరసగా కూర్చున్నారు. నేను అలవాటుగా చేతుల వైపు చూశాను. అన్ని చేతులూ ఒళ్లో ఉన్నాయి. మొదలుపెట్టక ముందే ఆగి ఉన్నాయి. తుఫాను వచ్చినా అలాగే ఉన్నాయి, ఐవర్ నిలబడిపోయినా అలాగే ఉన్నాయి. అయ్యాక చప్పట్లు కొట్టారు. ఏది కథో, ఏది పొయ్యిలో పడెయ్యాలో నాకు ఒక్క ముక్కా తెలియలేదు.

వెనక వరసలో మారెన్ ఉంది. చెవికి చిన్న యంత్రం పెట్టారు, ఇప్పుడు దూరం నుంచి కూడా వినిపిస్తుందట. దగ్గరికి రావలసిన పని లేదు. వెళ్లేటప్పుడు నేనే వెళ్లి పలకరించాను. "ఎలా ఉందే?" అన్నాను.

"చాలా బాగుంది టీచర్" అంది. సబ్బు వాసన వస్తోంది. బస్సు వచ్చేస్తుందని పరిగెత్తింది.

నా జన్మలో ఆ పిల్ల నాతో చాలా బాగుంది అనలేదు.

పబ్లిషరుకి రాసేశాను, పుస్తకం లేదని. మర్యాదగానే జవాబిచ్చారు. ఈమధ్య పిల్లలు దీవుల కథలు అంతగా అడగడం లేదట, తొందరేమీ లేదట.

నువ్వు ఒక్క ముక్క అడిగావు. ఆ ముక్క నేను రాయలేను వదినా, రాస్తే నీకు అబద్ధమని తెలిసిపోతుంది. ఈ క్రిస్మస్‌కి పార్సిల్ రాదని పెట్రాకి నువ్వే చెప్పు. కిటికీ దగ్గర కూర్చోనివ్వకు, పిల్లాడికి చలి తగులుతుంది. పాలజావలో బాదంపప్పు ఈసారి ఎవరికి వస్తే వాళ్లనే తినమను.

హెర్దిస్